మిద్దె దించిన బడి

2005 నవంబరులో, వానలు ఇంకా తెరిపివ్వకముందే, హైదరాబాదులోని మా భూకంప పరిశోధన విభాగం నన్ను చిత్తూరు జిల్లాకు పంపింది. పలమనేరు దాటాక గుట్టల నడుమ ఒక ఊరు. పేరు రాయను. రాస్తే స్థలాల ధరలు పడిపోతాయని ఊరివాళ్ళు ఆనాడే నా దగ్గర మాట తీసుకున్నారు. స్థిరాస్తి అనే మాట వింటే మా శాఖలో అందరికీ నవ్వొస్తుంది గానీ, వాళ్ళ భయం వాళ్ళది.

అప్పటి నా హోదా సీనియర్ టెక్నికల్ ఆఫీసరు. ఆ పేరులో సీనియరూ ఉంది, ఆఫీసరూ ఉన్నాడు, సంతకానికి మాత్రం విలువ లేదు. యంత్రాలు పెట్టడం, వాటి రికార్డులు చదవడం, జనాన్ని విచారించి కదలిక తీవ్రతను అంచనా వేయడం నా పని. ప్రకటన చేసే అధికారం మా డైరెక్టరుది, అదీ కలెక్టరుకు మాత్రమే. తిరుపతిలో పుట్టి, కొండల నీడన పెరిగి, ఆ కొండలు కదులుతాయేమోనని వెతికే ఉద్యోగంలో చేరినవాణ్ణి. భూకంపాల శాఖలో పని దొరికిందని చెప్పినప్పుడు మా మేనమామ, "కంపలు కొట్టే పనయితే ఈడే దొరుకుతాది గదరా, హైదరాబాదు దాకా యాల" అన్నాడు.

ఏళ్ళుగా కరువు చూసిన నేల అది. ఆ ఏడు చెరువులు అలుగు పారాయి. వానలు బాగా పట్టాక, ఊరి కింద ఎవరో రోకలితో దంచినట్టు శబ్దం రావడం, వెనకే చిన్న కుదుపు రావడం మొదలైంది. గూట్లో గిన్నెలు గలగలమనేవి. జనం పొయ్యిలు వీధిలోకి తెచ్చుకున్నారు. అనుమానం గుట్ట అవతలి గ్రానైట్ క్వారీ మీద పడింది. క్వారీలో రాయి కోసం మందుపెట్టి పేలుస్తారు కాబట్టి ఆ అనుమానం సహజమే. క్వారీ మేస్త్రీ మునిరత్నం మాత్రం తప్పు నేలదే అన్నాడు. అతని ఇల్లూ అదే ఊళ్ళో ఉంది. అతని ఇంట్లో గిన్నెలూ గలగలమంటున్నాయి. కానీ ఆ సంగతి ఎవరూ వినే స్థితిలో లేరు.

తహసీల్దారు రెండు రోజులు పేలుళ్ళు ఆపించారు. పేలుళ్ళు లేనప్పుడు నేల కదిలితే క్వారీ నిర్దోషి. కదలకపోతే దోషి. అంత సులువైన పరీక్ష నా ఉద్యోగంలో మళ్ళీ ఎదురుకాలేదు. నాలుగు చోట్ల సీస్మోగ్రాఫులు పెట్టాం. గట్టి బండ తగిలేదాకా గుంట తీసి, అందులో కదలికను పసిగట్టే పరికరాన్ని కూర్చోబెట్టి, కారు బ్యాటరీకి కలిపి, పైన మూత వేయాలి. ఊరివాళ్ళు దాన్ని 'పెట్టె' అన్నారు. మేమూ అదే అలవాటు చేసుకున్నాం. బర్రె నడిచినా పెట్టె రాసుకుంటుంది, పిల్లలు గెంతినా రాసుకుంటుంది. మొదటి పూట రికార్డంతా బర్రెల చరిత్రే.

మా వృత్తిలో ఒక సిగ్గుమాలినతనం ఉంది. ఊరంతా రాకూడదని మొక్కుకునేదాని కోసం మేం ఎదురుచూస్తాం. మునిరత్నం మొదటిరోజే అది కనిపెట్టి, "ఏం సార్, ఇంకా రాలేదని మొగం అట్ట పెట్టుకుండారా?" అని అడిగాడు. అతనికి నాకన్నా ఎక్కువ తొందర ఉంది. క్వారీ మూతపడితే అతని కిందున్న మనుషులంతా పని వెతుక్కుంటూ బెంగుళూరు బస్సెక్కాలి.

అయితే ఈ జ్ఞాపకం క్వారీది కాదు, బడిది. ఒక పెట్టె ఊరి ప్రాథమిక పాఠశాల వెనక పెట్టాం. హెడ్ మిస్ట్రెస్ వనజమ్మ టీచరు యాభై దాటిన మనిషి. ఆ ఊరి కోడలే. కుదుపులు మొదలైన రోజునుంచి పిల్లల్ని బయట టార్పాలిన్ కింద కూర్చోబెట్టి పాఠం చెబుతోంది. వాన జల్లుకు పలకలు తడుస్తున్నాయి, పిల్లలకు జలుబులు. మండల విద్యాధికారి, అంటే ఎం.ఈ.ఓ., ఆమెకు ఒక ఉత్తర్వు పంపారు. సోమవారం నుంచి తరగతులు భవనంలోపలే జరగాలి. లేదంటే భవనం ప్రమాదకరమని నిపుణుడి చేత రాయించి పంపాలి. ఆమె ఆ కాగితం నాకు చూపించి, ఒక్క ముక్క రాసిస్తే చాలంది. లోపలికి పొమ్మనో, వద్దనో, ఏదో ఒకటి.

నేను రాయలేను. భూకంపం ఎప్పుడొస్తుందో, ఎంతది వస్తుందో చెప్పకూడదన్నది మా నియమం. తెలియదు కనకే ఆ నియమం. అదే చెప్పాను. ఆమె కోప్పడలేదు. "అయితే సోమారం నేను వాళ్ళను లోపలికి తోలాల్నా సార్? నా నోటితో నేనే?" అని మాత్రం అడిగింది. నేను వైర్లు సర్దుకుంటూ ఉండిపోయాను.

ఆ మధ్యాహ్నం వాన పట్టుకుంది. టార్పాలిన్ కింద పిల్లలతోపాటు నేనూ ఇరుక్కున్నాను. టీచరమ్మ నన్ను పాఠం చెప్పమంది. నాకు వచ్చిన పాఠం ఒక్కటే, ఈ దేశపు భూకంపాల చరిత్ర. అది మొదలెడితే నన్ను ఆపడం కష్టమని మా ఇంట్లో అందరికీ తెలుసు.

1819లో కచ్ లో భూమి అదిరి, చదును నేల మీద మైళ్ళ పొడవున ఒక గట్టు లేచింది. మనుషులు కట్టింది కాదు గనక జనం దానికి దేవుడి గట్టు అని పేరు పెట్టారు. 1897లో షిల్లాంగు వైపు నేల ఎంత గట్టిగా ఎగదన్నిందంటే, భూమిలో దిగబడిన బండలు తమ గుంతల అంచులు కూడా చెదరకుండా గాల్లోకి లేచి పక్కన పడ్డాయి. 1934లో బీహారులో పొలాల్లోంచి ఇసుకా నీళ్ళూ ఫౌంటెన్లలాగ చిమ్మాయి. 1950లో అస్సాంలో కొండలు విరిగి నదికి అడ్డం పడితే, కొన్నాళ్ళకు ఆ అడ్డుకట్ట తెగి వరద ఊళ్ళ మీద పడింది. అది ఆగస్టు పదిహేను. 2001లో భుజ్ ది జనవరి ఇరవై ఆరు. భూమిక్కూడా జెండా పండగలు గుర్తుంటాయని నేనంటే, వెనక కూర్చున్న ఒక పిల్ల, "అయితే మళ్ళా జనవరి దాకా రాదు గద సార్" అంది. శాస్త్రీయంగా ఆ మాటకు జవాబివ్వడానికి చాలా తిప్పలు పడ్డాను.

తరువాత కదలిక దూరం కొలవడం నేర్పించాను. భూమి అదిరినప్పుడు రెండు అలలు బయల్దేరతాయి. ముందుది వేగంగా వచ్చి తోస్తుంది, వెనకది నెమ్మదిగా వచ్చి ఊపుతుంది. ఉరుముకూ మెరుపుకూ మధ్య లెక్కపెట్టినట్టే ఈ రెండింటి మధ్యా లెక్కపెట్టవచ్చు. ఒక సెకను తేడాకు దాదాపు ఎనిమిది కిలోమీటర్ల దూరం. పిల్లలు ఎప్పుడెప్పుడా అని వేళ్ళు మడిచి కూర్చున్నారు. మా శాఖలో చేరాల్సిన వాళ్ళు.

చివరకు 1993 నాటి మహారాష్ట్ర కిల్లారి దగ్గరికి వచ్చాను. ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు నేను చూసిన ఊరు అది. దక్కన్ పీఠభూమి గట్టి నేల, అక్కడేం రాదు అని అందరం అనుకునేవాళ్ళం. అంతకు ముందు ఏడాది అక్కడా ఇలాగే చిన్న కుదుపులు వచ్చి ఆగాయి. ఆ తరువాత ఒక తెల్లవారుజామున పెద్దది వచ్చింది. అస్సాంతో పోలిస్తే అదేమంత పెద్దది కాదు. అయినా వేలమంది పోయారు. అక్కడ మాట ఆపేశాను, పిల్లల ముందు చెప్పే సంగతి కాదని. వనజమ్మ మాత్రం నన్ను పక్కకు పిలిచి, పెద్దది కాకపోతే అంతమంది ఎట్ట చచ్చిపోయారని అడిగింది. రాతి గోడలు, మట్టి అడుసు, మిద్దె మీద మోయలేనంత మట్టి, అని చెప్పాను. చెబుతూనే బడి కప్పు వైపు చూశాను. ఆమె అప్పటికే అటే చూస్తోంది.

మర్నాడు, పేలుళ్ళు ఆగిన రెండోరోజు, పిల్లలు ఎక్కాలు చదువుతుండగా నేల 'దబ్' మంది. పిల్లలంతా ఒక్క గొంతుతో "ఒక" అన్నారు. "టి" అనేలోపే రెండో అల వచ్చి ఊపేసింది. టార్పాలిన్ గుంజ వాలింది. ఎవరూ పరిగెత్తలేదు, ఏడవలేదు. "ఒకటి కూడా కాలేదు సార్, ఒకటి కూడా కాలేదు" అని అరుస్తూ నా చుట్టూ మూగారు. పరిగెత్తింది నేనొక్కణ్ణే, పెట్టె దగ్గరికి. అది భయం కాదని ఇప్పుడు కూడా ఒప్పుకుంటాను. పెట్టె మూత తీసి ల్యాప్ టాప్ కు తగిలించి చూస్తే, రెండు అలల మధ్య తేడా అరసెకను. పుట్టిన చోటు మా కాళ్ళకింద, మూడు నాలుగు కిలోమీటర్ల లోతున. పేలుడయితే నాలుగు పెట్టెల్లోనూ మొదటి కదలిక పైకే ఉండాలి, ఎందుకంటే పేలుడు అన్ని వైపులా తోస్తుంది. మిగతా మూడూ తిరిగి చూస్తే రెండింట్లో పైకి, రెండింట్లో కిందికి. నేల ఒక పగులు వెంట జారింది. వాన నీళ్ళు రాతి పగుళ్ళలోకి దిగి, లోపలి బిగువును సడలిస్తే ఇలాంటివి వస్తాయి. క్వారీకి సంబంధం లేదు.

మునిరత్నం మోటారుసైకిలు మీద వచ్చి దిగేసరికే ఊళ్ళో సగం మంది అక్కడున్నారు. సంగతి విని తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "నేను తప్పించుకున్యాను సరే, ఊరు ఇరుక్కునింది గదప్పా" అన్నాడు.

నేను హైదరాబాదుకు ఫోను చేసి అంకెలు చెప్పాను. సాయంత్రానికి కలెక్టరు ఆఫీసు నుంచి ప్రకటన వచ్చింది. ఇవి వర్షాకాలంలో వచ్చే స్వల్ప ప్రకంపనలు, ప్రజలు ఆందోళన చెందనవసరం లేదు. అందులో ఒక్క మాటా అబద్ధం లేదు. నేనే గట్టిగా చదివి వినిపించాను. వనజమ్మ మొత్తం విని, "ఆందోళన వద్దంటే లోపలికి పొమ్మనా సార్, బయటుండమనా?" అంది.

నిచ్చెన అడిగాను.

పాత కట్టడం అది. రాతి దూలాల మీద బండలు, బండల మీద మట్టి, మట్టి మీద నీళ్ళు ఇంకనివ్వని చౌడు మన్ను. వాన కారకుండా ఏటా తొలకరికి ముందు చౌడు పోసి దిమ్మిస కొట్టడం ఈ సీమలో ఇంటింటా ఉన్న పద్ధతే. మునిరత్నం, నేను, మా వెనక టీచరమ్మ పైకెక్కాం. మునిరత్నం గడ్డపారతో ఒక మూల తవ్వాడు. గడ్డపార దిగుతూనే ఉంది. బండ తగిలేసరికి మట్టి అతని మోకాలికి వచ్చింది. పొరలు పొరలుగా, ఏ యేటి పొర ఆ యేటిదే. ఇంత ఎవరు పోయించారని అడిగాడు.

"నేనే" అంది వనజమ్మ. "యాడాదికొకసారి. ఈ యేడు వానలెక్కువని రెండుసార్లు పోయించినా. పుస్తకాలు తడస్తా ఉండె."

ఆమె కాలితో చౌడు పెళ్ళ ఒకటి కిందికి తోసి, "నేను పోయించింది నేనే దించిస్తా. దానికి మీ సంతకం అక్కర్లేదు గద సార్" అంది. అక్కర్లేదు. ప్రభుత్వ భవనాన్ని పడగొట్టడానికి ఎన్ని సంతకాలు కావాలో నాకు తెలియదు గానీ, మిద్దె మరమ్మతుకు విద్యా కమిటీ తీర్మానం చాలు. మరమ్మతంటే ముందు పాతది తీయాలి. ఎంత తీయాలో ఏ నియమంలోనూ రాయలేదు.

పేలుళ్ళకు ఇంకా అనుమతి రాక, పని లేక కూర్చున్న క్వారీ మనుషులంతా మర్నాడు పొద్దున్నే వచ్చారు. నిన్నటిదాకా వాళ్ళను తిట్టిన ఆడవాళ్ళే గంపలెత్తారు. చౌడంతా దిగింది, మట్టి దిగింది. మునిరత్నం క్వారీ నుంచి గొలుసు కప్పీ తెప్పించి బండల్ని ఒక్కొక్కటిగా దించుతుంటే, అతని కేకలకు గుట్ట మారుమోగింది. రాయిని పైకి లేపడం తెలిసిన మనుషులు, కిందికి దించడం అంతకన్నా బాగా తెలిసినవాళ్ళు. నడుమ ఒక చిన్న కుదుపు వచ్చింది. దూలం మీదున్న మనిషి పట్టు వదలకుండానే, "సార్, లెక్క పెట్టుకున్యారా?" అని అరిచాడు. గోడల్ని కూడా నడుం ఎత్తుకు తగ్గించమన్నాను. చెప్పింది వింటున్నారు కదా అని కాస్త గట్టిగానే అన్నాను. నా మాటకు అంత విలువ ఇంట్లో కూడా ఎప్పుడూ దొరకలేదు.

సోమవారం ఎం.ఈ.ఓ. గారు జీపు దిగారు. వనజమ్మ ఎదురెళ్ళి నమస్కారం పెట్టి, "ఉత్తర్వు ప్రకారం తరగతులు లోపలే జరుగుతా ఉండాయి సార్" అంది. నాలుగు పొట్టి గోడల మధ్య, గుంజలకు కట్టిన టార్పాలిన్ కింద, పిల్లలు వరుసగా కూర్చుని ఉన్నారు. ఆయన పైకి చూశారు, పక్కనే పేర్చిన బండల్ని చూశారు, ఇంటెత్తు చౌడు గుట్టను చూశారు. ఆ గుట్ట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, రేకులకు అర్జీ ఇవాళే పెట్టమన్నారు, తనే తీసుకుపోతానన్నారు.

పెద్ద భూకంపం రాలేదు. ఎండాకాలానికి కుదుపులు సద్దుమణిగాయి. బడికి రేకుల కప్పు పడింది. ఎండకు ఉడికిపోతున్నామని పిల్లలు నన్ను తిట్టుకున్నారని తరువాత విన్నాను. అనవసరంగా మంచి మిద్దె తీయించాడని ఊళ్ళో కొందరు అన్నారట. వాళ్ళన్నది తప్పని నేను రుజువు చేయలేను. రాని భూకంపానికి మా లెక్కల్లో గడి లేదు.

నేల ఎప్పుడు కదులుతుందో ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఒక్కసారీ చెప్పలేకపోయాను, నా తరవాతివాళ్ళూ చెప్పలేకపోతున్నారు. కదిలితే నెత్తిన ఏం పడుతుందో మాత్రం ఎవరైనా చెప్పవచ్చు. ఆ ఊరినుంచి వచ్చాక, ఏ ఊరికి పంపినా గుంట తీసేముందు మిద్దె ఎక్కి చూసేవాణ్ణి. ఆ పని మా విధుల జాబితాలో లేదు గనక ప్రయాణ భత్యం రాలేదు. మోకాళ్ళ నొప్పులు మాత్రం వచ్చాయి.