గోడ అవతలి వికెట్లు

జనవరి నెల, మంగళవారం తెల్లవారుజాము. ఇంట్లో ఉన్నవాళ్లు: నేను, నా భార్య లక్ష్మమ్మ, రాయల్పాడు నుంచి వచ్చిన ఆమె తమ్ముడు మునివెంకటప్ప. గోడకు అవతలి ఇంట్లో ఆరోగ్యదాసు, ఒక్కడే.

దయ్యాలను, శకునాలను నమ్మే మనిషిని కాను నేను. బంగారు గనిలో షాఫ్టు నోటి దగ్గర గంటలు వినే ఉద్యోగం చేశాను. గని అడుగు నుంచి వచ్చే గంటలను బట్టి మనుషులను మోసే బోను ఎత్తాలో, దించాలో, ఆపాలో ఇంజను డ్రైవరుకు చెప్పాలి. అక్కడ విన్నదే వినాలి. ఊహించుకుంటే మనుషులు పోతారు. ఏ రోజు సంగతి ఆ రోజే డైరీలో రాసుకోవడం అప్పుడు పట్టిన అలవాటు. ఇది కూడా అలా రాసుకున్నదే.

మాది ఆ గనుల పక్కనే కోరమండల్ అనే పేటలో పాత కార్మికుల ఇళ్ల లైను. రెండు ఇళ్లకు మధ్య ఒకటే గోడ. దాసు గని అడుగున పనిచేసినవాడు. ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము, పైన షుగరు. భార్య మేరమ్మ వేళాంగణి మాత యాత్రకు పోతూ, ఆయన్ని ఒక కంట చూస్తా ఉండండన్నా అని మాకు అప్పగించి పోయింది.

మన జట్టు ఆస్ట్రేలియా పర్యటనకు పోతే మా లైనులో చీకటితోనే దీపాలు వెలుగుతాయి. మేము టీవీ చూస్తాం, దాసు రేడియో వింటాడు. రేడియో మా టీవీ కంటే కాస్త ముందుంటుంది. వికెట్ పడిందని వినగానే వాడు పాత స్పానరుతో గోడ మీద ఒక దెబ్బ వేస్తాడు. మా టీవీలో బౌలరు అప్పటికింకా పరిగెత్తుతూ ఉంటాడు. మమ్మల్ని ఉడికించడం వాడికి సరదా. ఆ టెస్టులో అప్పటిదాకా వాడి దెబ్బ ఒక్కటి కూడా తప్పు పోలేదు.

అది ఆఖరి రోజు. మనవాళ్లు ఓడకుండా పొద్దు గడిపితే చాలు. ఆట మొదలైన కాసేపటికే గోడ మోగింది.

"పాయె. దాసన్న నోట్లో మన్ను పడ," అన్నాడు మునివెంకటప్ప.

బౌలరు వేశాడు. మనవాడు అడ్డుకున్నాడు. ఓవరంతా చూశాం. ఎవరూ అవుట్ కాలేదు.

మళ్లీ దెబ్బ. మళ్లీ ఊపిరి బిగబట్టాం. ఈసారీ ఏమీ లేదు. దాసన్న రేడియోకు తిక్క పట్టినట్టుండాదని మునివెంకటప్ప నవ్వాడు. కాఫీ తెచ్చిన లక్ష్మమ్మ కూడా ఆ దెబ్బ విన్నది.

మూడోసారి పడింది ఒక్క దెబ్బ కాదు. వరుసగా కొన్ని, కాస్త ఆగి ఇంకొన్ని. మళ్లీ అదే వరుస. నేను లోటా కింద పెట్టేశాను. ఎన్నేళ్లయినా గనిలో మోగే ఆ గంట వరుస నా చెవి మరిచిపోదు. దెబ్బతిన్న మనిషి ఉన్నాడు, మెల్లగా పైకి లాగండి అని దాని అర్థం.

"లేయప్పా. దాసుకు ఏమో అయింది," అన్నాను.

"ఓవరు అయిపోనీ బావా, ఇంగ రెండు బాల్లే ఉండాది," అని నా ముఖం చూసి లేచాడు.

దాసు తలుపు లోపల గడియ వేసి ఉంది. పిలిస్తే పలకలేదు. మునివెంకటప్ప భుజంతో గుద్ది గుద్ది గడియ ఊడగొట్టాడు. మా ఇంట్లోనే ఉండిపోయిన లక్ష్మమ్మ, గడియ విరిగేదాకా గోడ మోగుతూనే ఉందని తర్వాత చెప్పింది.

దాసు వెనక స్నానాలగదిలో పడి ఉన్నాడు. ఆ గదికీ మా గోడకూ మధ్య వంటిల్లు ఉంది. ఒళ్లు చల్లగా ఉంది. ఊపిరి ఉందో లేదో తెలియలేదు. ఒంటి మీద నిన్న సాయంత్రం చూసిన చొక్కాయే. రేడియో ఆపేసి ఉంది. స్పానరు మేకుకు వేలాడుతోంది. వెనక తలుపుకూ లోపలి గడియే. ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఆండర్సన్‌పేట ఆటో ఒకటి దొరికితే ఆసుపత్రికి తీసుకుపోయాం. షుగరు బాగా పడిపోయిందనీ, రాత్రి నుంచే స్పృహ లేనట్టుందనీ డాక్టరు అన్నారు. వాడు గోడ కొట్టి పిలిచాడని చెబితే, ఈ స్థితిలో చెయ్యి కూడా ఎత్తలేడని తల అడ్డంగా ఊపారు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే మనిషి దక్కేవాడు కాదట. మేరమ్మకు ఏమని చెప్పాలా అనే ఆలోచనతోనే ఆ పగలంతా గడిచింది.

మరుసటి రోజు పొద్దున దాసు కళ్లు తెరిచాడు. మొదట అడిగింది మ్యాచ్ ఏమైందని. డ్రా అయిందని పక్క మంచం ఆయన చెప్పాడు. తర్వాత దాసు నా చెయ్యి పట్టుకున్నాడు.

"రాత్రంతా గోడ కొడతానే ఉండారు గదన్నా మీరు. మనుషులు వస్తా ఉండారు, ఓర్చుకో అని. ఆ సద్దు పట్టుకోనే ఉన్నాను. లేకుంటే పోయుందును."

వాడు పడిపోయిన ఆ రాత్రి మేము పెందలాడే పడుకున్నాం. ఎవరమూ గోడ ముట్టలేదు. మునివెంకటప్ప నా వైపు చూశాడు. అటు నుంచి కొట్టిందెవరో, ఇటు నుంచి కొట్టిందెవరో నాకు ఈనాటికీ తెలియదు.

మేము గోడ ముట్టలేదని దాసుతో చెప్పబోయాను. గంజి తాగిస్తున్న లక్ష్మమ్మ నాకంటే ముందే "ఔను దాసప్పా, మేమే కొట్టినాము," అని ఇంకో చెంచా వాడి నోటికందించింది.