కొల్లేటికోటలో కనిపించని పచ్చళ్ల వ్యాపారం

కరోనా తెరిపిచ్చిన మరుసటి వేసవి. ఏలూరులో నా చిన్న గది తెరచి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. చదువుకున్నవి కావ్యాలే గాని, నాకు అన్నం పెట్టినది దరఖాస్తులు పూరించే విద్య. ఇంటివద్దనే చిన్న వ్యాపారం పెట్టుకొనేవారికి ఏయే అనుమతులు కావాలో చెప్పి, కాగితాలు సిద్ధం చేయడం నా వృత్తి.

ఒక ఉదయం కొల్లేటికోట నుంచి నాగమణి అనే గృహిణి కొర్రమీను పచ్చడి సీసాతో వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఒక దుకాణదారు ఆ రుచికి లొంగి, తన దుకాణపు అలమారాలో ఒక అర మొత్తం ఇస్తానన్నాడట. అయితే లేబుల్ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అదీ నెలాఖరులోగా. లేకుంటే ఆ అర అత్తిలి నుంచి వచ్చే జంతికలకు పోతుంది.

"జంతికల చేతిలో ఓడిపోయానంటే మా అత్తగారు నన్ను బతకనివ్వరండీ," అన్నది.

ఇంటి వంటగదిలో వండి అమ్మేవారికి ఆహార భద్రతా శాఖవారి బేసిక్ రిజిస్ట్రేషన్ చాలు. తయారీ జరిగే చోటును ప్రెమిసెస్ అంటారు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు వచ్చి దానిని తనిఖీ చేయవచ్చు. నీటి పరీక్ష రిపోర్టు, మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతచేసి దరఖాస్తు పంపాను. నెలాఖరుకు ఇంకా మూడు రోజులున్నాయనగా, మర్నాడు తనిఖీకి వస్తున్నట్లు కబురు వచ్చింది. నేను ఫోనులో నాగమణికి ఒక్క మాటే చెప్పాను: "అమ్మా, ఇల్లు పరిశుభ్రంగా ఉండాలి సుమా!" అంతకు మించి చెప్పవలసినది ఉన్నదని నాకు తోచలేదు.

ఆఫీసరుగారి వెంట నేనూ వెళ్లాను. గుమ్మానికి మామిడాకుల తోరణం, మంచం మీద మడత విప్పిన కొత్త దుప్పటి, ఇల్లంతా సాంబ్రాణి పొగ. వంటగదిలో పొయ్యికి పసుపు కుంకుమలు పెట్టారు. దాని మీద గిన్నె లేదు. గదిలో సీసా లేదు, త్రాసు లేదు, మిక్సీ లేదు. వెతికినా ఒక్క చేప పొలుసు దొరకలేదు.

"పచ్చళ్లెక్కడ చేస్తారమ్మా?" అని ఆఫీసరు అడిగారు.

"ఇక్కడేనండీ."

"ఇక్కడేం లేదు కదండీ?"

నాగమణి అత్తగారు సీతమ్మ ముందుకు వచ్చింది. "ఉండనిస్తామేంటి బాబూ! పెద్దవారు మీరొస్తుంటే చేపల కంపు పెట్టుకుని కూచుంటామా? తెల్లారేసరికి అన్నీ పక్కింటికి చేరవేయించాను. ముందు ఈ కాజా తీసుకోండి."

"నేను పెళ్లిచూపులకు రాలేదండీ మామ్మగారూ!"

"తనిఖీకొచ్చినవాళ్లకి మాత్రం నోరుండదా ఏంటి?"

ఆఫీసరు నవ్వలేదు. "తయారీ జరుగుతున్నట్లు ఆధారం లేదని రాయాల్సొస్తుందండీ," అని ఫారం తెరిచారు. నాగమణి ముఖం పాలిపోయింది.

నేను నా అనుభవమంతా ఉపయోగించి అడ్డుపడ్డాను. "సామగ్రి ఎక్కడికీ పోలేదండీ, పక్కింట్లో భద్రంగా ఉంది."

"అయితే నిల్వచేసే చోటు వేరే అడ్రసు. దానికి వేరే దరఖాస్తు కావాలి," అన్నారాయన.

నేను నోరు తెరవకుండా ఉంటేనే నాగమణికి మేలు జరిగేదని అర్థమై, వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.

ఆమె మాత్రం కొంగు బిగించి, గోడ మీదుగా కేకవేసింది: "వదినా! మొత్తం ఇటు అందించెయ్యి!"

గోడ మీదుగా ముందు త్రాసు వచ్చింది, వెనుక మిక్సీ, కారం డబ్బా, బుట్టలకొద్దీ సీసాలు. చివరన మంచులో పెట్టిన కొర్రమీను. పక్కింటావిడ ఒక్కొక్కటి అందిస్తూ, "ఇది మీదేనా, మాదా?" అని అడుగుతూంటే, "పిల్లలు పుట్టినప్పటి ఉగ్గుగిన్నె మీకిచ్చానా?" అని సీతమ్మ మధ్యలో తన లెక్క తాను చూసుకుంటోంది. ఆఫీసరు ఫారం పక్కన పెట్టి, అంతా లోపలికి చేరేదాకా చూస్తూ నిలబడ్డారు.

"ఒక చేప చేసి చూపించండమ్మా," అన్నారు.

అప్పటిదాకా తడబడిన మనిషి మారిపోయింది. జుట్టుకు గుడ్డ చుట్టి, చేతులు మోచేతులదాకా కడిగి, చేపలకు వేరే కత్తి, వేరే పీట తీసింది. ముక్కలు ఉప్పు పసుపులతో కడిగి, తడి ఆరనిచ్చింది. సాంబ్రాణి పొగను తోసుకుంటూ కమ్మని వేపుడు వాసన ఇల్లంతా నిండింది. సీతమ్మ సిగ్గుతో కిటికీ తెరవబోతే, ఆఫీసరు, "ఉండనివ్వండి మామ్మగారూ, నేను చూడడానికి వచ్చింది దీన్నే," అన్నారు.

రెండు రోజులకు నంబరు వచ్చింది. ఆ అర కొర్రమీనుకే దక్కింది.

నిబంధనలు చదివి వినిపించడమే నా పని అనుకున్నాను అంతవరకు. విన్నవారు ఇంటికి వెళ్లి ఏంచేస్తారో ఊహించడం కూడా అందులో భాగమని కొల్లేటికోటలో తెలిసింది. ఇప్పుడు నా గదికి వచ్చిన ప్రతి ఇల్లాలినీ, "ఆఫీసరుగారు వస్తున్నారంటే మొదట ఏంచేస్తారమ్మా?" అని అడుగుతున్నాను.

"ఇల్లంతా సర్దేస్తామండీ!" అని అందరూ ఉత్సాహంగా చెబుతారు.

కలం కింద పెట్టి, అక్కడి నుంచి పాఠం మొదలుపెడతాను.