పూజలో పెట్టిన బ్యారెల్

తొంభైల మొదట్లో, సెప్టెంబరు మధ్యలో, తమిళుల పురట్టాసి నెల మొదలవుతుండగా, మా కంపెనీని ఈశాన్య కొండల్లో ఒక అడవి పోస్టుకు పంపారు. అప్పుడు నేను నాయబ్ సుబేదారును. అంటే ముప్పైమందికి పైబడిన ప్లటూనుకు నాయకుణ్ణి. హవల్దారుకు పైన, ఆఫీసరుకు కింద. పైవాళ్ళ కోపమూ కిందవాళ్ళ కోపమూ వచ్చి చేరే చోటు అది. జవాన్లు మమ్మల్ని 'సాబ్' అంటారు. మా ఊరు ఉడుమలైపేట పక్కన. చదివింది తమిళ బడిలో. ఇంట్లో మాట్లాడే తెలుగుకు అక్షరాలు ఉంటాయని పల్టన్‌లో ఒక నెల్లూరు హవల్దారు చెబితే నమ్మి, ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

అడవి యుద్ధం ఎలా ఉంటుందని బంధువులు అడుగుతుంటారు. తడిసిన మేజోళ్ళు, జలగలు, ఎదురుచూపు. చాలా రోజులు అంతే. అలాంటి అడవుల్లో మూడుసార్లు పనిచేశాను. మూడు చోట్లా ఆయుధపూజ నాడే ఏదో ఒకటి జరిగింది. మొదటిసారి సిపాయిగా ఉన్నప్పుడు హారతి పళ్ళెం దింపకముందే గస్తీకి పరుగెత్తాం. చివరిసారి సుబేదారుగా ఉన్నప్పుడు మా దారిలో మందుపాతర బయటపడింది. మా పండుగ ఎప్పుడో అవతలివాళ్ళకు తెలుసు. వడలు వేయించే వాసన కొండ దాటిపోతుంది. పైగా క్యాలెండరు మాకొక్కరికే అమ్మరు కదా. ఇక్కడ చెప్పేది మధ్యదాని గురించి.

మా ప్లటూనులో ఎల్.ఎం.జి. పట్టేవాడు లాన్స్ నాయక్ రంగసామి. ఎల్.ఎం.జి. అంటే తేలిక మెషిన్‌గన్. తేలిక అన్నది పేరు పెట్టినవాడి అభిప్రాయం, మోసేవాడిది కాదు. రంగసామిది తిరుమంగళం దగ్గర నల్లరేగడి పల్లె, మాలాగే ఇంట్లో తెలుగు. పరేడులో నన్ను సాబ్ అనేవాడు, తక్కిన వేళల్లో అన్నా అనేవాడు. మంచి గురికాడు. కానీ వాడు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

ఈ తుపాకీకి రెండు బ్యారెళ్ళు, అంటే గొట్టాలు, ఇస్తారు. ఆగకుండా కాలిస్తే గొట్టం కాగిపోయి తూటా గురి తప్పుతుంది, ఆఖరికి తుపాకీయే మొరాయిస్తుంది. అప్పుడు వేడి గొట్టం తీసి చల్లది బిగించాలి. ఆ రెండో బ్యారెల్‌ను గుడ్డ సంచిలో వేసుకుని పక్కనే ఉండేవాణ్ణి నంబర్ టూ అంటారు. మా నంబర్ టూ సెల్వం, వాడిపట్టి ఊరివాడు. మనిషి సన్నం, ఆకలి లావు.

మా వైపు ఆయుధపూజకు ఒక కట్టుబాటు ఉంది. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు విజయదశమి పొద్దున మళ్ళీ హారతి ఇచ్చేదాకా ఎవరూ ఎత్తకూడదు. మిల్లు ఆగుతుంది. ట్రాక్టరు చందనం బొట్టు పెట్టుకుని కొట్టంలో కూర్చుంటుంది. చదువుకునే పిల్లలు పుస్తకాలను పూజలో పెట్టి, ఆ ఒక్క రోజు మాత్రం ఎంతో నిష్ఠగా ఉంటారు. ఉత్తరాదివాళ్ళకు ఈ పట్టింపు లేదు. ఆయుధానికి బొట్టు పెట్టి, వెంటనే భుజానికి తగిలించుకుంటారు.

మా కంపెనీ కమాండరు పంజాబీ మేజరు. జవాన్లది ఏ పండుగైతే ఆఫీసరుదీ అదే పండుగ అన్నది సైన్యంలో ఆనవాయితీ. ప్లటూనుకొక ఆయుధం చొప్పున పూజకు పంపమన్నారు. పోస్టులోని చిన్న గుడిలో, రేకుల కప్పు కింద, వాటిని వరసగా పేర్చారు. మేజరుగారు బూట్లు విప్పి, తలకు రుమాలు కట్టుకుని, ఒక్కొక్కదానికీ తన బొటనవేలితోనే కుంకుమ పెట్టారు. మా ప్లటూను తరఫున ఏం పెట్టారో నేను గమనించలేదు. పూలదండల కింద అన్నీ ఒకేలా కనిపించాయి.

మధ్యాహ్నం భోజనాలకు ముందు వైర్‌లెస్ మోగింది. లారీలు రాకముందు బాట వెతికి చూసే రోడ్డు పార్టీ మీద వాగు దగ్గర కాల్పులు జరుగుతున్నాయి, వెంటనే రావాలి. నేను మేజరు దగ్గర ఆర్డర్లు తీసుకుంటుండగా సెక్షన్ కమాండరు జవాన్ల సామాను తనిఖీ చేశాడు. అది అతని పని. అతను సంచిని చూశాడు, సంచిలోకి చూడలేదు.

వాగు దగ్గరికి చేరేసరికి రోడ్డు పార్టీ బండల చాటున చిక్కుకుని ఉంది. అవతలి గట్టున వెదురుపొద, అందులోంచి కాల్పులు. రంగసామి ఇవతలి గట్టు మీద తుపాకీ దించి కాల్చడం మొదలుపెట్టాడు. బండల చాటువాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి వస్తున్నారు. వాళ్ళలో ఒకడు నీళ్ళల్లో జారిపడితే, సెల్వం సంచి అక్కడే పడేసి వాణ్ణి లాగడానికి దిగాడు. వాణ్ణి గట్టు వైపు తోశాడు గానీ, అంతలో తన తొడలోకి తూటా దిగింది. వాగు మధ్య రాళ్ళ మీద పడిపోయాడు. వాణ్ణి తేవాలంటే ఇద్దరు వెళ్ళాలి. ఆ ఇద్దరూ వెళ్ళి తిరిగొచ్చేదాకా మా మెషిన్‌గన్ ఆగకూడదు. ఆగితే సెల్వం ఒక్కడే కాదు, ముగ్గురూ పోతారు.

నంబర్ టూ పడిపోతే పక్కనున్నవాడు ఆ పని అందుకోవాలి. పక్కనున్నది నేనే. అప్పటికే గొట్టం మీద నూనె పొగలు కక్కుతోంది. ఇద్దరు జవాన్లను వాగులోకి పంపి, సంచి లాక్కుని చెయ్యి పెట్టాను. ఆకులో కట్టిన మెత్తటి పొట్లం తగిలింది. విప్పితే ఉడికించి తాలింపు పెట్టిన శనగలు, పైన కొబ్బరి కోరు. పూజలో పంచిన సుండల్.

"బ్యారెల్ ఎక్కడ్రా?" అని అరిచాను.

రంగసామి తల తిప్పలేదు. "పూజలో ఉండాది అన్నా. రేపు పొద్దున దాకా ఎత్తేది లేదు."

నేను అన్నది ఇక్కడ రాయను. మూడు భాషల్లో అన్నాను. రంగసామి అంతా విని, ధార ఆపి ఒక్కొక్క తూటాగా కాల్చడం మొదలుపెట్టాడు. పత్తి గింజలు నాటే మనిషిలా, తొందర లేకుండా, పొదలో కదలిక ఉన్న చోట ఒకటి, మళ్ళీ కదిలితే ఇంకొకటి. నేను నా నీళ్ళ సీసా తెచ్చి గొట్టం మీద పోశాను, తరవాత వాడిది. బుస్సుమని ఆవిరి లేచింది. అలా నీళ్ళు పోయకూడదని శిక్షణలో చెబుతారు, గొట్టం పాడవుతుందట. గొట్టం గురించి ఆలోచించే స్థితి కాదు నాది. నాకు చాలా భయం వేసింది. సెల్వం ముఖం నాకు అక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంది.

ఇద్దరూ వాణ్ణి చంకల కింద పట్టుకుని ఈడ్చుకొచ్చారు. వాళ్ళు గట్టు ఎక్కిన కాసేపటికి తుపాకీ బిగుసుకుపోయింది. అప్పటికి రెండో ప్లటూను పక్కనుంచి చుట్టుకు రావడంతో అవతలివాళ్ళు కొండెక్కి పోయారు. స్ట్రెచర్ మీద పడుకున్న సెల్వం నన్ను చూసి, నీరసంగా, "సాబ్, సుండల్ తిన్నారా?" అని అడిగాడు. భయం పోయి కోపం వచ్చింది. కోపం తీర్చుకుందామంటే వాడి తొడలోంచి నెత్తురు కారుతోంది.

ఆ సాయంత్రం రంగసామిని నిలబెట్టి అడిగాను.

"తప్పేముండాదన్నా? తుపాకీ పూజలో పెడితే డ్యూటీ నిలిచిపోతుంది. ఏమీ పెట్టకపోతే సామికుత్తం. అందుకని దాని జతను పెట్టినా. పత్తి ఏరేటప్పుడు మా నాయన గూడా ఇట్లే, ఉన్న రెండు బండ్లలో ఒకటి పెట్టేవాడు."

"మీ నాయన మీద ఎవరైనా కాల్పులు జరిపారా?"

"అదెట్ల జరుపుతారు?" అన్నాడు, నన్ను జాలిగా చూస్తూ. సామికుత్తమంటే దేవుడి పట్ల చేసిన అపచారం. దాని ముందు నా ప్లటూను చాలా చిన్న విషయం.

మర్నాడు పొద్దున గుడి దగ్గరే విచారణ. గుడిలో బ్యారెల్ పెట్టడం ఎవరు చూశారంటే ఎవరూ చూడలేదు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. చివరికి మేజరుగారు రంగసామినే అడిగారు: దాన్ని అక్కడ పెట్టిందెవరు?

"నేనే పెట్టాను సాబ్. కుంకుమ మీరు పెట్టారు."

మేజరు వంగి చూశారు. బ్యారెల్ మీద ఎర్రగా ఆయన బొటనవేలి గుర్తు. దాన్ని ఇప్పుడు తీయవచ్చా అని పూజారిని అడిగారు. హారతి ఇంకా కాలేదన్నాడు పూజారి. మేజరు బూట్లు విప్పి, హారతి అయ్యేదాకా నిలబడి, కళ్ళకద్దుకుని, అప్పుడు బ్యారెల్ ఎత్తి నా చేతికిచ్చారు.

సెల్వం ప్రాణం నిలిపినందుకు రంగసామికి ప్రశంసా పత్రం వచ్చింది. బ్యారెల్ వదిలి వెళ్ళినందుకు తీవ్ర మందలింపు వచ్చింది. మందలింపు అంటే మాటతో పోయేది కాదు, సర్వీసు రికార్డుకెక్కుతుంది. దానివల్ల వాడి నాయక్ ప్రమోషన్ చాలాకాలం వెనక్కి పోయింది. రెండు కాగితాల మీదా ఒకే తేదీ. నాకు వాడి మీద కోపం ఉంది, నిజమే. అయినా ప్రమోషన్ పోవడం నాకు నచ్చలేదు. ఆ మాట మేజరుతో చెప్పాను. తనకూ నచ్చలేదనీ, సంతకం మాత్రం మారదనీ అన్నారాయన.

ఆ తరవాత కొత్త ఆర్డరు వచ్చింది. పూజలో డీపీ రైఫిల్ మాత్రమే పెట్టాలి. డీపీ అంటే కాల్చడానికి పనికిరాకుండా చేసి, కవాతుకు వాడే తుపాకీ. ఆర్డరు చదివి వినిపిస్తే రంగసామి, "అది కాలదని అమ్మవారికి తెలీదా అన్నా?" అన్నాడు. ఆర్డరు మళ్ళీ చదివాను. అందులో ఆ సంగతి లేదు.

సెల్వం బతికాడు. కాస్త కుంటుతాడు. ఇప్పుడు వాడిపట్టిలో కొబ్బరికాయల వ్యాపారం. ఏటా ఆయుధపూజ నాడు మేం ముగ్గురం వాడి ఇంట్లో కలుస్తాం, సుండల్ తింటాం. కిందటేడు నేను ముందు తిరుమంగళం వెళ్ళాను, అక్కణ్ణుంచి రంగసామి చిన్న వ్యానులో వాడిపట్టి పోదామని. వ్యాను వాకిట్లో శుభ్రంగా కడిగి ఉంది. బొట్టు లేదు, దండ లేదు. బయలుదేరడానికి సిద్ధంగా ఉందన్నాడు. నేను వెనక్కి వెళ్ళి కింద చూశాను. స్టెప్నీ టైరు ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది. లోపలికి తొంగిచూస్తే అది దేవుడి గదిలో, గోడకు ఆనించి, చందనం పూసుకుని, మెడలో చామంతి దండతో ఉంది.

రంగసామి నావైపు చూడలేదు. "హైవేనే కదా అన్నా, ఏమీ కాదు, కంటిప్పా" అన్నాడు. కంటిప్పా అంటే తమిళంలో కచ్చితంగా అని.

మనిషి నమ్మకాన్ని ఎవరూ తనిఖీ చేయలేరు, సంచిని చేయవచ్చు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను రుజువు చూసి నేర్చుకున్నది ఇదొక్కటే. ఆ రోజు వాడిపట్టికి బస్సులో వెళ్ళాం.