కోర్టు కొట్టెయ్యని కేసు

2023 వానాకాలం. చొప్పదండిలో నాది చిన్న నెట్ సెంటర్. ఆధార్, హాల్ టికెట్, కుల సర్టిఫికెట్ అంటూ పొద్దంతా జనం. ప్రతి ఒక్కరి ఫోన్‌లో ఏదో ఒకటి ఎర్రగా వస్తుంది, అదేంటో నేను చెప్పాలి. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతుంది. ఆ సాయంత్రం కూడా షట్టర్ ఎప్పుడు దించుదామా అని చూస్తున్నాను.

సునీత వచ్చింది. మా వెనక వీధిలో మరమగ్గాల ఇంటి పిల్ల. మొగుడితో పొసగక తల్లిగారింటికి వచ్చేసి, మగ్గాల దగ్గర నూలు కండెలు చుడుతోంది. మూడేళ్ల బిడ్డను మాత్రం అత్తగారు పంపలేదు.

"అక్కా, గీ ఫోటో కలర్ ప్రింట్ తియ్యి. రేపు సంఘంల ఇయ్యాలె."

"ఏందే ఇది?"

"కోర్టు నా కేసు కొట్టేసింది."

ఫోన్ తీసుకుని చూశాను. 'యాక్సెస్ డినైడ్', దాని కింద పొడుగాటి రెఫరెన్స్ నంబర్. బిడ్డ కోసం కేసు వేద్దామని, ఉచితంగా వకీలు దొరుకుతాడేమోనని ఫోన్‌లో వెతికిందట. నెల కిందట ఒక సర్కారు వెబ్‌సైట్ నొక్కగానే ఇది వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి కులసంఘం పెద్దమనుషులకు చూపించింది.

"కోర్టే వద్దన్నంక ఇంకేముందన్నరు. బిడ్డ ఆళ్ల తాన్నే ఉంటదని రేపు సంతకం పెట్టుమన్నరు."

"గిది ఎవలు చదివిండ్రే?"

"ఇంగ్లీషుల ఉన్నది గదక్కా. నంబర్ సుత పడ్డది గద!"

నాకు ఒళ్లు మండింది. మా దగ్గర ఆలుమగల తగాదాలన్నీ సంఘంలోనే తెగుతాయి. నంబర్ ఉన్న ఇంగ్లీషు ముక్క కనిపిస్తే అక్కడ ఇక ఎవరూ నోరెత్తరు.

"కోర్టు దాకా నువ్వు పోనే పోలే పిల్లా, ఎట్ల కొట్టేస్తది? వెబ్‌సైట్ నిన్ను లోపలికి రానియ్యలే, గంతే."

"నన్నెందుకు రానియ్యది?"

ఫోన్ చూస్తే వీపీఎన్ ఆన్‌లో ఉంది. ఫోన్ ఏ ఊళ్లో ఉందో దాచిపెట్టే యాప్ అది. సినిమాల కోసం తమ్ముడు వేశాడట. అది ఈమెను సింగపూర్‌లో చూపిస్తోంది. కొన్ని సర్కారు సైట్లు బయటి దేశం వాళ్లను గడప దగ్గరే ఆపేస్తాయి. ఆ నంబర్, ఆపినట్టు సైట్ పెట్టుకునే గుర్తు మాత్రమే.

"కండెలు చుట్టెటోళ్లను గూడ సింగపూర్ పంపుతరా?" అని నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నెల నుంచి నాకు ముద్ద దిగలేదక్కా."

వీపీఎన్ తీసేసి మళ్లీ వెతికాం. ఈసారి ఇంకో సైట్ 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అంది.

"సూడు, మల్ల వద్దంటుంది!"

"గది నిన్ను గాదు, ఆ సైట్‌నే నమ్మొద్దంటుంది." ఆ సైట్ గుర్తింపు గడువు తీరిపోయి ఉండొచ్చు, దొంగ సైటే అయి ఉండొచ్చు. ఏదైనా అక్కడ ఆధార్ నంబర్ కొట్టకూడదు. "ఫోన్ పక్కన వెట్టు. పొద్దుగాల కరీంనగర్ పో. కోర్టుల న్యాయ సేవల ఆఫీసుంటది, ఆడోళ్లకు వకీలును ఫ్రీగ ఇస్తరు."

"సంఘంకు పోకుంటే బాపును నలుగుట్ల నిలదీస్తరు."

ఫోన్ ఆమె చేతికి తిరిగిచ్చాను. "ప్రింటైతే నేను తియ్య" అన్నాను.

మర్నాడు పొద్దున బస్టాండ్‌లో సునీత కనిపించింది. పక్కన వాళ్ల బాపు. మగ్గాలు బంద్ పెట్టి వచ్చాడు. పెద్దమనుషులకు ఏం చెప్పాడో నేను అడగలేదు.

ఆ తర్వాత వాయిదాల మీద వాయిదాలు. వినడానికే నాకు అలుపొచ్చింది, తిరిగినదానికి ఎట్లా ఉందో. చలికాలంలో ఒకరోజు బిడ్డను చంకనేసుకుని వచ్చింది. కేసు తేలేదాకా బిడ్డ తల్లి దగ్గరే ఉండాలని కోర్టు చెప్పిందట.

"బిడ్డ ఆధార్‌ల అడ్రస్ మార్చాలెక్కా."

సైట్ తెరిస్తే మళ్లీ ఎర్రటి అక్షరాలు. సునీత తెర వైపు వంగి, "గిప్పుడు వద్దనేది ఎవలక్కా?" అంది.

"ఎవ్వలు గాదు. సర్వర్ బిజీ."

"గట్లయితే కూసుంటం" అని బిడ్డను ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది.

ఇప్పటికీ ఎర్రటి తెరలు పట్టుకుని జనం వస్తూనే ఉన్నారు, నేను విసుక్కుంటూనే ఉన్నాను. కాని సునీత అడిగిన ఆ మాట మాత్రం ప్రతి ఫోన్ దగ్గర ముందు నేనే అడుగుతున్నాను: వద్దన్నది ఎవరు?