అడవి చిక్కుడూ, అత్తగారి కళ్ళూ

ఆ వీధిలో బట్టలు కుట్టే ఆవిడకి చేతిపని ఎంత శుభ్రమో, పరువు పిచ్చి అంత ముదురు. ముందుగది దుకాణం, వెనక వంటగది, మధ్యలో ఒక్క తెర. ఆవిడ అత్తగారు రైలుకట్ట పక్క తీగల్లోంచి అడవి చిక్కుడు కాయలు కోసుకొచ్చి, గింజ గింజా చూసి ఏరేది. ఆ పనిలో ముసలావిడని మించినవాళ్ళు లేరు. ఆ గింజల్లో విషం ఉంటుంది. ఉడకబెట్టి, నీళ్లు వంపి, మళ్ళీ పోసి, నీళ్లు తేటపడేదాకా అలా చేస్తూనే ఉండాలి. అప్పుడు వెన్నలా కరుగుతాయి. ఉడికినంతసేపూ మాత్రం నానిన గోనెసంచి కంపు!

ఆ రోజు ఆడబిడ్డా ఆవిడ భర్తా భోజనానికి వస్తున్నారు. "నీళ్లు కాస్త చూసుకోమ్మా" అని పొయ్యి అప్పగించి అత్తగారు స్నానానికి వెళ్ళింది. అంతలో కొలతలివ్వడానికి వచ్చిన కొత్తావిడ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. కోడలికి తల కొట్టేసినట్టయింది. లోపలికి పరుగెత్తి, నీళ్లింకా మడ్డిగానే ఉన్నా వంపేసి, కారం దట్టించి దించేసింది. కాస్త చేదుంటే చస్తారా ఏంటి, అనుకుంది.

చావలేదు గానీ, తనతో సహా తిన్నవాళ్ళందరికీ ఒకటే వాంతులు.

"అమ్మకి చూపు ఆనట్లేదు వదినా. ఏవో పిచ్చి గింజలు కలిపేసింది. ఇక బయటికి పంపకు" అంది ఆడబిడ్డ.

కోడలు తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు. ముసలావిడ కూడా ఆ మాట నమ్మేసింది. కాయలు కోసుకొచ్చే గోనెసంచి మడిచి అటకెక్కించింది. నిక్షేపంలాంటి కళ్ళున్న మనిషి, గోడ తడుముకుంటూ నడవడం మొదలుపెట్టింది! అది చూసి కోడలు సిగ్గుతో ఆవిడ దారిలోని స్టూళ్ళు పక్కకి జరిపేది.

ఒకనాడు దుకాణం నిండా మనుషులున్నారు. ముసలావిడ డబ్బాలో మిగిలిన గింజలు గుప్పిట్లో పట్టుకుని మిషను దగ్గరికొచ్చింది.

"ఇవి మంచివేనేమో చూసి చెప్పమ్మా. నాకు మంచివిలాగే కనబడుతున్నాయి. కానీ నా చూపుని నమ్మడానికి లేదుగా."

కోడలు మిషను ఆపేసింది.

"అప్పుడూ మంచివే అత్తయ్యా. కంపు కొడుతోందని నేనే సగంలో దించేశాను. నింద మీ మీద పడుతుంటే నోరు మూసుకున్నాను."

ముసలావిడ తన చెంప పగలగొడుతుందనుకుంది కోడలు. కొట్టినా బాగుండేది.

"అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట!" అంది ముసలావిడ, మొహం చేటంత చేసుకుని. కోడల్ని తిట్టాలన్న సంగతే ఆవిడకి తట్టలేదు. ఆ సంతోషం చూడలేక కోడలు అందరి ముందూ తల దించేసుకుంది.