అంతర్యుద్ధం పాఠం చెప్పిన వారం

తాడిపత్రి వైపు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను చరిత్ర చెప్తాను. నాది తనకల్లు. ఇక్కడికి కొత్తగా వచ్చిన ఏడాది, పంచాయతీ ఎన్నికలు దగ్గర పడుతున్న రోజుల్లో, అమెరికా అంతర్యుద్ధం పాఠం మొదలుపెట్టాను. బోర్డు మధ్యలో గీత గీసి ఒక పక్క ఉత్తరాది బలాలు రాశాను: జనం, ఫ్యాక్టరీలు, రైళ్లు, ఓడలు. రెండో పక్క దక్షిణాదివి: సొంత నేల, మంచి సేనాపతులు. ఉత్తరాది గెలవాలంటే అంత దేశాన్నీ లొంగదీయాలి, దక్షిణాదికి ఓడిపోకుండా నిలబడితే చాలు అని చెప్పాను.

పిల్లలు ఆవలిస్తున్నారు. "మీకు తెలిసిన గొడవ ఏదైనా తీసుకుని ఇట్లా పోల్చండి చూద్దాం" అన్నాను.

ముందు బెంచీలోని అమ్మాయి లేచింది. వాళ్ల నాయన ఊళ్లో ఒక వర్గానికి పెద్ద అని నాకప్పటికి తెలియదు.

"మా ఊర్లో గూడా ఇట్లనే మేడమ్. మాకు బోర్లుండాయి, చీనీ తోటలుండాయి, జీపులుండాయి. వాళ్లకు ఇండ్లెక్కువ. ఓట్లన్నీ వాళ్లవే."

క్లాసంతా నవ్వింది. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి నవ్వలేదు. ఆమెదీ అదే ఊరు, ఎదుటి వర్గం పెద్దాయన కూతురు.

"మరి ఎత్తుగడ?" అని నేనే అడిగాను.

ముందు బెంచీ పిల్ల కిటికీ వైపు చూసింది. "మంగళవారం సంతకు వాళ్ల పెద్దాయన ఒక్కడే బండి మీద వంక దావన పోతాడు. నీళ్లు లేని వంక గదా, కాపు కాసేదానికి ఆడైతే సులువు మేడమ్."

నవ్వులు ఆగిపోయాయి. నేను గబగబా బోర్డు తుడిచేశాను. కిటికీ పక్క అమ్మాయి గంట కొట్టకముందే పుస్తకాలు సంచీలో పెట్టేసుకుంది.

ఆ రోజే ప్రిన్సిపాల్‌కి చెప్తే, "వాళ్ల ఊరి సంగతులు మనకెందుకు మేడమ్, సిలబస్ కానీయండి" అన్నాడు. మంగళవారమంతా ఫోను చేత్తో పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరిగాను. ఏ కబురూ రాలేదు. మాట్లాడిన అమ్మాయి మాత్రం బుధవారం నుంచి కాలేజీకి రాలేదు. గురువారానికి ఇక ఉండబట్టలేక బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను.

వాళ్ల నాయన మర్యాదగానే కూర్చోబెట్టి టీ ఇప్పించాడు.

"అమ్మాయి కాలేజీకి రావడం లేదు, అన్నా" అన్నాను.

"రాదు మేడమ్. దానికి నోరాగదు." గొంతు పెంచలేదు. "మంగళవారం వాళ్ల పెద్దాయన వంక దావన రాలేదు. ఎప్పుడూ వచ్చేటోడే. ఎందుకు రాలేదో నాకు తెలుసు."

గ్లాసు కింద పెట్టేశాను. అంటే ఆ రోజు వంకలో నిజంగానే మనుషులు కాచుకుని ఉన్నారు. తలుపు దగ్గర అమ్మాయి నిలబడి ఉంది. తల దించుకోలేదు.

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అది సరే గానీ, ఆ దక్షిణమోళ్లు యాడ చెడిపోయినారు? సేనాపతులు మంచోళ్లే గదా?"

వెటకారం కాదు, తెలుసుకోవాలనే అడిగాడు.

"యుద్ధం సాగేకొద్దీ తిండి లేదు, మనుషులు లేరు. నాలుగేళ్లకు అంతా అయిపోయింది."

"నాలుగేండ్లేనా?" నవ్వాడు. "మాది మా నాయన కాలం నుంచి నడస్తాండాది."

"మీ అమ్మాయి కాలంలో కూడా నడవాలా అన్నా?"

ఎలా అన్నానో నాకే తెలియదు. గేటు దగ్గర కాపలా ఉన్న మనిషి ఇటు తిరిగి చూశాడు. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని లేచాడు.

"పరీక్షలకు పంపిస్తా. అంతే" అన్నాడు చివరికి.

ఆ పిల్ల నోరు జారిందా, కావాలనే చెప్పిందా? తిరుగు బస్సులో అదే ఆలోచన. ఆమెను నేనెప్పుడూ అడగలేదు.

ఎన్నికలు పోలీసు కాపలాలో జరిగిపోయాయి. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. పరీక్షలకు కూతురిని జీపులో పంపించి, గేటు దగ్గర మనుషులను నిలబెట్టాడు. కిటికీ పక్క అమ్మాయి బస్సులో వచ్చింది. ఇద్దరికీ నేను ఇన్విజిలేటర్‌గా ఉన్న గదిలోనే సీట్లు పడ్డాయి. ఆ మూడు గంటలూ నేను కుర్చీలో కూర్చోలేకపోయాను.

పరీక్ష అయ్యాక మెట్ల కింద కొళాయి దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు.

"ఏమే, మీ నాయన బాగుండాడా?" జీపులో వచ్చిన పిల్ల అడిగింది.

"ఉండాడు. ఇప్పుడు సంతకు తారు రోడ్డు మీదనే పోతాండాడు."

అడిగిన పిల్ల తల ఊపి, తన నీళ్ల సీసా ఆ అమ్మాయి చేతికిచ్చింది. గేటు బయట జీపు హారన్ మోగుతూనే ఉంది.