మా పక్క పోర్షను మంత్రిగారు

మొన్న శుక్రవారం కంటి పరీక్ష చేయించుకుని ఎల్బీనగర్ నుంచి ఆటోలో మీర్‌పేట్‌కు తిరిగి వస్తుంటే, చౌరస్తాకు ఇంకా కొంచెం దూరం ఉందనగా పోలీసులు బండ్లన్నీ ఆపేశారు. ముందు ఒక సిటీ బస్సు, పక్కన ఉల్లిగడ్డల ట్రాలీ, మధ్యలో మా ఆటో, అందరం ఇంజన్లు ఆపుకుని మెట్రో స్తంభాల నీడలో కూర్చున్నాం. ఎవరొస్తున్నారు నాయనా అని అడిగితే ఆటో అతను వెనక్కి తిరిగి, "సెంట్రల్ మినిస్టర్ మేడం ఒస్తున్నరంట అమ్మా. మన కొత్తపేట ఆమెనే. ఢిల్లీల కూసున్నా మనల్ని మర్వలే," అన్నాడు, ఆమె తన సొంత మేనత్త అయినంత సంబరంగా. నల్లకార్ల వరస ఒకటి మోత పెట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె నాకు తెలుసునని, ఒకే గోడకు అటూ ఇటూ ఏళ్ల తరబడి కాపురాలు చేశామని నేను అతనితో చెప్పలేదు. చెబితే ఆమె గొప్ప ఇంకొంచెం పెరుగుతుందే తప్ప నాకొచ్చేదేముంది అనిపించింది. ఇంత వయసొచ్చి ఇంకా ఈ కుళ్లేమిటమ్మా అని మీరనుకుంటే అనుకోండి. నా ఈడు వాళ్లతో చెప్పుకోక ఇంకెవరితో చెప్పుకుంటాను?

మావారి ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి మేము కొత్తపేటలో పళ్ల మార్కెట్ వెనక సందులో ఒక డాబా ఇంట్లో కిరాయికి దిగాం. ఆ ఇంటికి రెండు పోర్షన్లు, మధ్య ఒకే గోడ, ముందర ఒకే వాకిలి. రెండో పోర్షనులో నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన బస్సు డ్రైవరుగారి కుటుంబం ఉండేది. ఆయన భార్య నాకంటే కాస్త చిన్నది. నేను ఆమెను వదినా అనీ, ఆమె నన్ను వదినె అనీ పిలుచుకునేవాళ్లం. ఏ చుట్టరికాన వదినలమయ్యామో ఇద్దరిలో ఎవరమూ ఆలోచించలేదు. మామిడిపళ్ల రోజుల్లో మార్కెట్ నుంచి వచ్చే వాసనకు ఈగలు ముసిరితే, ఆమె జొన్నరొట్టెలు చేస్తూ ఒక చేత్తో, నేను పచ్చడి కలుపుతూ ఒక చేత్తో వాటిని తోలుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్లం.

ఆమె పదో తరగతితో చదువు ఆపేసింది. నేను బి.ఏ. పూర్తిచేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరులో పోటీ పరీక్షలకు వెళ్లే పిల్లలకు ఇంగ్లీషు చెప్పేదాన్ని. హాలు నిండా పిల్లలు, చేతిలో మైకు, నోరు విప్పితే వెనక బెంచీ దాకా నిశ్శబ్దం. అందుకే మా కాలనీకి మంచినీళ్ల గొట్టాలు లేక, ట్యాంకరు వెంట బిందెలతో పరుగెత్తే రోజుల్లో ఆడవాళ్లమంతా ఒక సంఘం పెట్టుకుంటే, అధ్యక్షురాలిగా నన్నే అందరూ ఒప్పుకున్నారు. ఆఫీసుకు వెళ్లి అధికారి ముందు కూర్చుని మాట్లాడేది నేను. ఇంటింటికీ తిరిగి మనుషుల్ని కూడగట్టుకు రావడం, వచ్చాక నా వెనక నిలబడడం ఆమె పని. చివరికి నీళ్లు వచ్చిన రోజున కొళాయి దగ్గర దండ నాకే వేశారు. ఆమె అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో రవ్వంత అసూయ ఉందేమోనని ఎన్నోసార్లు గుర్తుచేసుకుని మరీ వెతికాను. లేదు. ఉండి ఉంటే ఇద్దరం ఒకటేలే అని ఈపాటికి నా మనసు కుదుటపడేది.

తరువాత తెలంగాణ ఉద్యమం మళ్లీ రగిలింది. ఆ రోజులు మీకు తెలియనివి కావు. దుకాణాల మీద ఆంధ్రా పేరు చెరిపేసుకున్నవాళ్లూ, బస్సులో నోరు విప్పితే యాస పట్టుబడుతుందని చూపుడు వేలితో టిక్కెట్టు అడిగినవాళ్లూ మా వాళ్లలో ఉన్నారు. మావారు, "మనం నోరు మూసుకుని ఉండటం మర్యాద. మన ఊరు కాదిది," అన్నారు. ఇరవైలు దాటకుండా వచ్చి, పిల్లల్ని కని, నీళ్లు తెప్పించిన ఊరు నాది కాకుండా ఎలా పోయిందో నాకు అర్థం కాలేదుగాని, మూసుకునే కూర్చున్నాను. పక్క పోర్షనులో మాత్రం తలుపు మూత పడటం మానేసింది. నా వెనక బిందె పట్టుకు నిలబడిన ఆడవాళ్లే ఇప్పుడు ఆమె వాకిట్లో కూర్చుని రేపెక్కడ, ఎల్లుండెక్కడ అని మాట్లాడుకునేవాళ్లు. వాకిలి ఒకటే కాబట్టి నా గడప దాకా వాళ్ల చెప్పులే.

ఎల్బీనగర్‌లో రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు పొద్దున్నే ఆమె వచ్చి, "వదినె, నువ్వొస్తవా? రాకున్నా ఏమనుకోను," అంది. నాకు క్లాసుంది అన్నాను. క్లాసు లేదు. మధ్యాహ్నం దాకా ఇంట్లో అటూ ఇటూ తిరిగి, ఉండబట్టలేక వెళ్లి, మూసేసిన ఒక చెప్పుల దుకాణం మెట్ల మీద చాటుగా నిలబడ్డాను. విజయవాడ వెళ్లే రోడ్డు పొడవునా రాళ్ల పొయ్యిలు, వాటి మీద అన్నం గుండిగలు, పొగ, డప్పులు. ట్రాక్టరు ట్రాలీ ఎక్కి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతున్నారు, వినేవాళ్లు వింటున్నారు, తినేవాళ్లు తింటున్నారు. అప్పుడు ఎవరో ఆమెను చెయ్యి పట్టి పైకి లాగారు. మైకు ఎట్లా పట్టుకోవాలో కూడా తెలియక రెండు చేతులా రోకలి పట్టినట్టు పట్టుకుంది. నాకు నవ్వొచ్చింది.

"మా అమ్మ నడుము ముసలితనానికి ఒంగలే," అంది. "నీళ్లకు ఒంగింది. కృష్ణ మా ఊరి పక్కపొంటే పోతది. మా బాయిలల్ల మాత్రం గా ఫ్లోరైడ్ ఇషం నీళ్లే. నలబై ఏండ్లకే మా అమ్మ నేలను చూసుకుంట నడిచింది. ఆకాశం ఎట్లుంటదో నన్ను అడిగేది."

అంతే, పెద్దగా ఇంకేమీ చెప్పలేదు. తినేవాళ్ల చేతులు విస్తళ్లలో ఆగిపోయాయి. డప్పు కొట్టే ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. నేను మెట్ల మీద నిలబడి, చెబితే సిగ్గుచేటుగాని, ఏడవలేదు. కోపం వచ్చింది. అన్నేళ్లు నాతో కలిసి ట్యాంకరు వెంట పరుగెత్తిన మనిషి, అధికారి ముందు నేను 'మహిళలకు కలుగుతున్న అసౌకర్యం' గురించి చక్కటి తెలుగులో విన్నవిస్తుంటే వెనక నిలబడి విన్న మనిషి, వాళ్ల అమ్మ సంగతి నాకు ఒక్కనాడూ చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని అంతమందికి చెప్పింది. ఆ మైకు నాదనీ, నా చేతిలోంచి ఎవరో తీసుకుపోయారనీ అనిపించింది. ఇంటికొచ్చి రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

ఆ తర్వాత ఆమెను పోలీసులు ఎన్నిసార్లు తీసుకెళ్లారో, ఎన్నిసార్లు వదిలారో. తీసుకెళ్లినప్పుడల్లా ఆమె పిల్లలు మా ఇంట్లోనే తిన్నారు. ఆమె కూతురికి స్కూలుకు జడలు వేసింది నేనే. పిల్లలు నాకు బరువు అనిపించలేదు. సాయంత్రం జనం చుట్టూ మూగి, మాసి నలిగిన చీరలో ఆమె తిరిగి వస్తుంటే, ఆ అలసిన మొహంలో కనబడే వెలుగును మాత్రం చూడలేకపోయేదాన్ని. నా మొహం ఎప్పుడైనా అలా వెలిగిందా అని లోపలికెళ్లి అద్దంలో చూసుకునేదాన్ని.

రాష్ట్రం వచ్చింది. అసెంబ్లీకి నిలబడమని ఒక పార్టీవాళ్లు ఆమెను అడిగారు. ఒప్పుకోగానే ముందు నా వంటింట్లోకే వచ్చింది. "మీవాళ్ల ఇండ్లకు నన్ను తోలుకపోవాలె వదినె. నేనొక్కదాన్నే పోతె తలుపు తియ్యరు," అంది. కాదనలేకపోయాను. దిల్‌సుఖ్‌నగర్ అపార్ట్‌మెంట్లన్నీ మెట్లెక్కి దిగాం. నా పిలుపుకు తలుపులు తెరుచుకున్నాయి. ఒక ఇంట్లో రిటైరైన ఇంజనీరుగారు కాఫీ ఇచ్చి, "అమ్మాయ్, ఓటేస్తాం. రేపు మీవాళ్లు మమ్మల్ని వెళ్లిపొమ్మంటే ఏం చేస్తావు?" అని సూటిగా అడిగారు. నేను జవాబు చెప్పబోయేలోపే ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, "పెద్దాయనా, ఈమె నా పక్కింట్ల ఉంటది. ఈమెను పొమ్మంటే నా పిల్లలకు బువ్వ ఎవరు పెడ్తరు?" అంది. ఇంజనీరుగారు నవ్వేశారు, ఆయన భార్య ఆమెకు బొట్టు పెట్టింది. నేనూ నవ్వాను. ఆ మాట నిజమే. కాని ఆ రోజు నుంచి ప్రతి ఇంట్లో అదే మాట, అదే చెయ్యి నా భుజం మీద. ఒకప్పుడు అధ్యక్షురాలిని, ఇప్పుడు ఆమె మంచితనానికి సాక్ష్యాన్ని.

గెలిచింది. ఊరేగింపు మా సందులోకి వచ్చినప్పుడు పైకప్పు లేని జీపు మీద నుంచి జనంలో నన్ను వెతికి, పైకి రమ్మని చెయ్యి ఊపింది. స్టవ్ మీద పాలున్నాయని సైగ చేసి లోపలికి వెళ్లిపోయాను.

ఎమ్మెల్యేగా ఉన్న ఆ ఐదేళ్లూ నాకు అంత కష్టంగా లేదనే చెప్పాలి. పొద్దున్న అర్జీలతో వచ్చినవాళ్లు ముందు నన్నే అడిగేవాళ్లు, అమ్మ లేచిందా, మూడ్ ఎట్లుంది అని. ఎంత పనిలో ఉన్నా వంటింటి గుమ్మంలో చతికిలబడి, "జర చాయ్ పొయ్యి వదినె," అనేది. టీ పోసేటప్పుడు నేనే పెద్దదాన్ని. ఇక ఇంతేలే, ఇక్కడితో ఆగుతుందిలే అనుకున్నాను. అంతలో పార్లమెంటుకు నిలబెట్టారు. ఢిల్లీలో ఈమె హిందీ ఎవరికి అర్థమవుతుంది, గెలిచినా మూల కూర్చోవలసిందే అని మావారితో అన్నాను. ఆయన పేపరు చాటున నవ్వుకున్నారు. మలక్‌పేట బస్సుల్లో, దిల్‌సుఖ్‌నగర్ బజారులో నేర్చిన ఆ హైదరాబాదు హిందీతోనే ఆమె సభను నవ్వించింది, తన మాట వినేలా చేసింది. కేంద్రంలో సహాయమంత్రిగా ప్రమాణం చేస్తుంటే టీవీ ముందు కాలనీ అంతా చప్పట్లు కొట్టింది. కుచ్చిళ్లు సరిగా కుదరలేదు చూడండి అన్నాను నేను. ఎవరూ పట్టించుకోలేదు.

రెండేళ్ల కింద హరిద్వారం వెళ్లి వస్తూ ఢిల్లీలో ఆగినప్పుడు మావారే ఫోను చేశారు. కారు పంపింది. పచ్చిక, చెట్లు, తుపాకీ పట్టుకున్న మనుషులు, తెల్లని ఇల్లు. ఎదురొచ్చి కావలించుకుని నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. జుట్టు సగం నెరిసింది, చేతులు మాత్రం అవే, రొట్టెలు కొట్టిన చేతులు. కాసేపటికి మావారు చెట్లు చూస్తానని బయటికెళ్లారు, మేమిద్దరమే మిగిలాం. అడగాలని ఎన్నాళ్లుగానో ఉన్నది అప్పుడు అడిగాను.

"ఇక్కడ ఒంటరిగా ఉండదూ వదినా? కొత్తపేట గుర్తుకు రాదూ?"

ఏం వినాలనుకున్నానో మీకు తెలుసు. నిద్ర పట్టదనో, సొంతమనిషంటూ లేదనో, నువ్వే సుఖపడ్డావు వదినె అనో అంటుందని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆమె నా వైపు తిరిగింది.

"నీతో అబద్ధమెందుకు వదినె. మంచిగుంది. మస్తు మంచిగుంది. పొద్దుగాల లేస్తె చేతినిండ పని, నేను చెప్తె ఒక ఊరికి నీళ్లొస్తయ్. ఇంతకంటె ఏం గావాలె?"

అందులో గర్వం లేదు. ఉన్నమాట చెప్పింది. ఇంతలో ఎవరో వచ్చి సభకు టైమైందన్నారు. భోంచేసి వెళ్లండని మావారికీ నాకూ చెప్పి, చెప్పులేసుకుని, గబగబా నడుచుకుంటూ వెళ్లింది. పప్పు బాగుంది. అంత బాగుండకపోయినా బాగుండేది.

ఆమె తుర్కయంజాల్ వైపు ఇల్లు కట్టుకుని వెళ్లాక ఆ పోర్షను కొన్నాళ్లు హాస్టలుకిచ్చారు, ఆ తర్వాత డాబానే పడగొట్టారు. పళ్ల మార్కెట్టూ అక్కడి నుంచి వెళ్లిపోయింది. మేము మీర్‌పేట్‌లో ఫ్లాటు కొనుక్కున్నాం. ఎవరిది ఏ జిల్లా అని ఇప్పుడెవరూ అడగరు, యాస విని తల తిప్పి చూడరు, అది మంచిదే. కాని ఎదురు ఫ్లాటులో ఎవరుంటారో నాకు తెలియదు. తలుపు ముందు ఇనప జాలీ, దానికి తాళం, పొద్దున పాల సంచి, సాయంత్రం కొరియరు డబ్బా. వాళ్లింట్లో ఏం వండుకున్నారో, ఎవరు పాసయ్యారో, ఎవరికి పెద్ద ఉద్యోగమొచ్చిందో నా చెవిన పడదు. ఒకరి గిన్నెల చప్పుడు ఒకరికి వినబడేంత దగ్గరగా బతికితేనే మనిషిని చూసి మనిషికి కడుపు మండుతుందని ఇప్పుడు తెలుస్తోంది. ఆ మంట ఎంత వెచ్చగా ఉండేదో కూడా.